కొసరెరిగిన చెయ్యి

సరస్సు ఒడ్డునున్న కిసుము ఊళ్ళోని ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ ఉందంటే నర్సు అకేయో ఉండి తీరాలి. తెగిన లిగమెంటు స్థానంలో రోగి తొడ వెనక నుంచే స్నాయువు తీసి, ఎముకల్లో తొలిచిన సొరంగాల గుండా దూరుస్తారు. దాని కింది కొసకు కుట్టిన దారాలను, డాక్టరు ఎముకలో మరమేకు బిగించేదాకా, ఎవరో ఒకరు చెయ్యి వణక్కుండా లాగి పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఇరవై రెండేళ్ళుగా అకేయోనే.

లాగుడు ఎనిమిది కిలోల బరువంత ఉండాలి. వదులైతే మోకాలు మళ్ళీ జారుతుంది. మరీ బిగిస్తే కాలు పూర్తిగా చాపడం కుదరదు. బరువుల సంగతి అకేయోకి ఒకరు చెప్పాలా? నర్సింగు స్కూల్లో చేరేదాకా సరస్సు ఒడ్డున తల్లి చేపల బల్ల దగ్గరే పెరిగింది. చేపని ఎత్తి చూస్తే చాలు, తూకం చెప్పేస్తుంది. ఆ గర్వం ఆమెకు దండిగా ఉంది, దాచుకునే రకమూ కాదు.

నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి వాళ్ళు లాగుడు కొలిచే పరికరం కొన్నారు. స్ప్రింగు త్రాసు లాంటిదే. డాక్టర్ ములామా సరదాపడి, "అక్కా, కళ్ళు మూసుకుని ఎనిమిది లాగు, చూద్దాం" అన్నాడు. లాగింది. ముల్లు తొమ్మిది దగ్గర ఆగింది. మళ్ళీ లాగింది. మళ్ళీ తొమ్మిదే.

"కొత్త మిషను కదా, ఇంకా పని నేర్చుకోలేదు" అనేసింది గానీ మనసు చివుక్కుమంది. కాలు చాపలేక వంగి నడిచే పోస్టాఫీసు గుమాస్తా గుర్తొచ్చాడు. ఆ మోకాలికి దారాలు లాగింది తనే.

ఆదివారం తల్లి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఎనిమిది కిలోలు తూచు" అంది. తల్లి చేపలు వేసింది. ముల్లు ఎనిమిది మీద నిలిచాక ఇంకో చేప తీసి పైన పడేసింది.

"అదెందుకేశావ్?"

"కొసరే పిచ్చిదానా! కొసరెయ్యకుండా ఎవరైనా చేతికిస్తారా? అదేం బతుకు?"

అకేయో బల్ల మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఉత్త ఎనిమిది ఎలా ఉంటుందో తన చేతికి పుట్టి బుద్ధెరిగాక తెలియనే తెలియదు.

అప్పట్నుంచి ఆపరేషన్లో ముల్లు చూసే లాగుతోంది. తీరిక దొరికినప్పుడల్లా ఆ పరికరంతో చేతికి బుద్ధి చెప్పుకుంటూనే ఉంది. చెయ్యి వింటేనా!

కిందటేడు ఒడేరో వచ్చాడు. చేపలు పట్టేవాడు. పడవ నుంచి దూకుతుంటే మోకాల్లో లిగమెంటు తెగింది. రెండేళ్ళుగా ఒడ్డునే కూర్చుని అన్న ఇంట్లో తింటున్నాడు. మోకాలు జారే మనిషినైనా, కాలు చాపలేని మనిషినైనా ఏ పడవా ఎక్కించుకోదు. స్నాయువు దూర్చడం అయ్యాక, సరిగ్గా దారాలు తగిలించే వేళకి పరికరంలో స్ప్రింగు విరిగింది. రెండోది లేదు.

"ఇక నీ చెయ్యే గతి అక్కా" అన్నాడు ములామా.

స్నాయువులో వదులు పోవడానికి అతను మోకాలిని ఇరవైసార్లు వంచి చాపాడు. అకేయో లాగింది. చెయ్యి హాయిగా కుదురుకుంది. కొసరేశాక కొన్నవాళ్ళ మొహం చూసినప్పటి తృప్తి లోపల కలిగింది. ఆ తృప్తికే ఆమె భయపడింది.

"ఆగండి డాక్టరుగారూ, బిగించకండి."

"ఏమైంది?"

"చెయ్యి సంతోషపడుతోంది. అంటే ఎక్కువైనట్టే."

కొంచెం వదిలింది. ఇంకొంచెం వదిలింది. ఛీ, ఇంత పిసినారితనమా అని సిగ్గేసేదాకా వదిలి అక్కడ ఆపింది. "ఇప్పుడు తిప్పండి" అంది.

మర బిగిసింది. ములామా కాలు చాపితే మోకాలి వెనక భాగం బల్లకి ఆనింది. పిక్క పట్టుకుని ముందుకు గుంజి చూశాడు. జారలేదు. మాస్కు వెనక అకేయో ఏం గొణుక్కుందో ఎవరికీ వినపడలేదు.

పది నెలలకి ఒక ఉదయం తల్లి చేపల బల్ల దగ్గర అకేయో ఉండగా ఒడేరో పడవలోంచి దూకి, గంప భుజాన వేసుకుని నడిచొచ్చాడు. ముసలావిడకి చేపలు తూచి ఇచ్చాక ఒక చేప పైన పడేసి, "ఇది కొసరమ్మా" అన్నాడు. తర్వాత అకేయో వైపు తిరిగాడు. "సిస్టరూ, నా కాలికి మీరేం కొసరేశారు?"

"కొసరా? నీకు ఎగ్గొట్టానయ్యా. చేపంత."

తల్లి నోరు వెళ్ళబెట్టింది. "అన్ని కొసర్లు తిని పెరిగి, ఒకళ్ళకి ఎగ్గొట్టి వచ్చావటే? పైగా నవ్వుతున్నావా?"

కూతురు నవ్వుతూనే ఉంది. ముసలావిడ ఊరుకోలేదు. ఒడేరో తెచ్చిన గంపలోంచే అన్నిటికన్నా పెద్ద చేప ఏరి అతని చేతిలో పెట్టింది. "తీసుకో నాయనా. మా పిల్ల బాకీ."