కల్లం మీద డిస్క్ ఆట

2022 ఆగస్టు 1, సోమవారం ఉదయం పదిన్నరకు బోధన్ చెరకు ప్రాంతంలోని ఒక పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాను. అప్పటికి నా సర్వీసు ముప్పై రెండేళ్లు, పదవీ విరమణకు మిగిలింది ఇరవై ఒక్క నెలలు. మా శాఖలో అసిస్టెంట్ డైరెక్టర్ అంటే ఆసుపత్రికి అధిపతి, కింద ఇద్దరు సర్జన్లు ఉండాలి. ఇద్దరి పోస్టులూ ఖాళీ. పొద్దున ఓపీ, మధ్యాహ్నం గాలికుంటు టీకాలు, సాయంత్రం నివేదికలు. బర్రెలు, మేకలు, గొర్రెలు. కుక్కలు వస్తే రేబిస్ టీకాకే వచ్చేవి.

సెప్టెంబర్ 5న గంగాధర్ వచ్చాడు. నలభై ఏళ్ల రైతు, మూడెకరాల పసుపు, రెండెకరాల చెరకు. వెంట ఎనిమిది నెలల ఆడకుక్క, పేరు బిజిలీ. సరిహద్దు అవతల మరాఠీ ఊళ్లలో కర్వాని అని పిలిచే వేటజాతి. సన్నని నడుము, పొడుగు కాళ్లు, 17.4 కిలోల బరువు. గంగాధర్ చేతిలో ఇరవై లీటర్ల రంగు డబ్బా మూత ఉంది.

“మేడం, గిది కుక్క గాదు, గాలి. గీ మూత ఇసిరితే నేల మీద పడనియ్యది, సూడుండ్రి,” అంటూ అక్కడే విసరబోయాడు. వరండాలో కట్టేసిన బర్రె బెదురుతుందని ఆపాను.

హైదరాబాద్‌లో ఒక క్లబ్బు డిసెంబర్ 11న కుక్కల డిస్క్ పోటీ పెడుతోంది. మనిషి డిస్క్ విసురుతాడు, కుక్క పరుగెత్తి పట్టుకుంటుంది. ఏడాదిలోపు కుక్కలకు వేరే విభాగం. అందులో ఎగరడం ఉండదు, డిస్క్‌ను నేల మీద దొర్లించాలి, లేదా మోకాలి ఎత్తుకు మించకుండా విసరాలి. ప్రవేశానికి పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. గంగాధర్ అడిగింది అదే. ఆ కుక్కను కొన్ననాటి నుంచి ఊళ్లో వాళ్లు “కుందేళ్ల వేటకా, ఫోటోలకా” అని ఏడిపిస్తున్నారట. ఒక్కసారి పోటీ బరిలో దించితే నోళ్లు మూతపడతాయని అతని లెక్క.

ఈ ఆట గురించి నాకు అప్పటికి తెలిసింది తక్కువ. మర్నాడు రమ్మని, ఆ రాత్రికి దొరికింది చదివాను. మర్నాడు పూర్తి పరీక్ష చేశాను. గుండె, కీళ్లు, పళ్లు, గోళ్లు, పాదాల మెత్తలు. పక్కటెముకలు వేలికి తగిలాయి, కొవ్వు లేదు. తరువాత ఓపీ చీటీ వెనక సలహాలు రాశాను. గట్టి ప్లాస్టిక్ మూత వద్దు, చిగుళ్లు కోస్తుంది, మెత్తని డిస్క్ వాడాలి. ముందు పది నిమిషాలు నడిపించాలి. పూటకు ఐదు నిమిషాలే ఆట. ఏడాదిన్నర నిండేదాకా ఎగరనివ్వరాదు, ఎందుకంటే ఎముకల చివర పెరిగే చోటు, మేము గ్రోత్ ప్లేట్ అనేది, అప్పటిదాకా లేతగా ఉంటుంది. నాలుక పొడుగ్గా వేలాడితే ఆపాలి. చివరి వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “చదునైన, మోళ్లు, రాళ్లు, ముళ్లు లేని చోట మాత్రమే ఆడించాలి.”

మోళ్లు అని రాయడానికి కారణం ఉంది. చెరకు కొట్టాక మిగిలే మోడు కత్తిలా ఉంటుంది. ఆ ప్రాంతంలో నా ముందువాళ్లు రాసిన రిజిస్టర్లలో పేజీకొకటి చొప్పున మోడు గుచ్చుకున్న గిట్టలే. నా దృష్టి అక్కడే ఆగింది.

గంగాధర్ తల్లి రాజవ్వ బీడీలు చుడుతుంది. పాత సైకిల్ ట్యూబును చక్రంగా మడిచి, మీద నూలు గుడ్డ మూడు పొరలు కుట్టి డిస్క్ తయారుచేసింది. కొడుకు దాన్ని నాకు చూపించడానికి తెచ్చినప్పుడు ఆమె కూడా వచ్చింది. “నా మోకాళ్లు నొస్తున్నయిరా అంటె ఓ గోళి తెచ్చి మొకాన కొడ్తడు. కుక్కకైతె డాక్టరమ్మ రాసిచ్చిన కసరత్తు,” అంది. డిస్క్ బాగుందని చెప్పాను. పట్టుకుంటే వంగుతోంది, అంచు ఎక్కడా కోసేలా లేదు.

సెప్టెంబర్ 30, శుక్రవారం బిజిలీని మళ్లీ తెచ్చాడు. ఎడమ ముంగాలు నేలకు ఆనించి ఆనించనట్టు పెడుతోంది. మణికట్టు పైన వాపు, నొక్కితే కాలు లాక్కుంది. పాదాల మెత్తలు నాలుగూ అరిగి ఎర్రగా ఉన్నాయి.

ఎగిరించావా అని అడిగాను. ఒట్టు, ఒక్కసారి కూడా లేదన్నాడు. ఐదు నిమిషాలు దాటాడా? ఫోన్‌లో అలారం పెట్టి ఆడించాడు. ఎక్కడ ఆడించావని అడిగాను.

“మా కల్లం మీద మేడం. చదును అన్నరు గద. మా కల్లం కన్న చదును ఏడున్నది? రాయి లేదు, ముల్లు లేదు, మోడు లేదు. పొద్దుమాపు నేనే ఊడుస్తున్న.”

పసుపు ఉడికించాక ఎండబోసేది కల్లం మీదే. గంగాధర్ తండ్రి కాలంలో అది పేడ అలికిన నేల. ఇతను దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు పోయించి, సిమెంటుతో నునుపు చేయించాడు. పసుపు కొమ్ముకు మన్ను అంటితే మార్కెట్లో ఎవరూ మెచ్చరు. అందుకని ఆ నేలను ఇంట్లో గచ్చు కన్నా బాగా చూసుకుంటాడు. తవ్వకం మాఘంలో మొదలవుతుంది, అప్పటిదాకా కల్లం ఖాళీ. తనకున్న నేలల్లో అన్నిటికన్నా మంచిదాన్ని కుక్కకిచ్చాడు.

ఇరవై నాలుగు రోజులు, రోజుకు రెండు పూటలు, పూటకు సుమారు పదిహేను విసుర్లు. ఏడు వందల ఇరవై. అన్నిసార్లూ ఆ కుక్క నిండు వేగంతో వచ్చి, డిస్క్ ముందు ముంగాళ్లు తన్నిపెట్టి సిమెంటు మీద ఆగింది. గడ్డి నేల ఆ దెబ్బలో కొంత తను తీసుకుంటుంది. సిమెంటు తీసుకోదు. దెబ్బ మొత్తం లేత ఎముకకే పోయింది.

అక్టోబర్ 1న నిజామాబాద్‌లో ఎక్స్‌రే తీయించాడు. ఎముక విరగలేదు. ముంజేతి వెనక ఎముకలో, మణికట్టు దగ్గరి గ్రోత్ ప్లేట్ దెబ్బతిన్నట్టు గీత వెడల్పుగా కనిపించింది. కట్టు కట్టి, ఆరు వారాలు గొలుసుతో నడకే అని రాశాను. ఆ చోటు ముందే మూసుకుపోతే పక్క ఎముక పెరుగుతూ కాలు వంకర తిరుగుతుందని కూడా చెప్పాను. అతను తల ఊపాడు గానీ, వింటున్నది డిసెంబర్ 11 గురించే.

నవంబర్ 14న వచ్చాడు. వాపు లేదు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాడు, కుంటు లేదు. పోటీకి ఇంకా ఇరవై ఏడు రోజులు. సర్టిఫికెట్ ఫారం తనే ప్రింటు తీయించి తెచ్చాడు, సంతకం స్థలంలో పెన్సిల్‌తో చుక్క కూడా పెట్టాడు. రాజవ్వ మేకకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు కోసం వెంట వచ్చి బల్ల మీద కూర్చుంది.

“పొద్దుగాల లేవంగనె కుంటుతది గద, గది జెప్పినవా?” అంది కొడుకుతో.

“నువ్వూకో అవ్వా. నాలుగడుగులేస్తె సక్కగైతది.”

“నా మోకాళ్లు గూడ గంతేరా. నాలుగడుగులేస్తె సక్కగైతయి. గట్లని నన్ను పరుగు పందెంల నిలవెడ్తవా?”

ఓపీలో ఉన్నవాళ్లు నవ్వారు. గంగాధర్ నవ్వలేదు. రెండు ముంగాళ్లూ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచాను. ఎడమ పాదం కొద్దిగా బయటికి తిరిగింది. మళ్లీ నిజామాబాద్ పంపితే మర్నాడు ఎక్స్‌రే తెచ్చాడు. దెబ్బతిన్న చోటు మూసుకుపోయింది, ఆ ఎముక కుడిదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. సర్టిఫికెట్ ఇవ్వనని చెప్పాను.

“మీరు రాసినట్టే జేసిన గద మేడం! ఒక్క ముక్క దాటిన్నా? గా చీటీ ఇంకా నా జేబులనే ఉన్నది.”

చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. చదివాను. అతను చెప్పింది నిజం. చదును అని రాశాను, మెత్తగా ఉండాలని రాయలేదు. తప్పు నీది కాదు, నాదేనని చెప్పాను. ఓపీలో అంతమంది ముందు ఒక అధికారి అలా అనడం అతను ఊహించలేదనుకుంటాను. కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది. “మరి గిప్పుడు ఏం జెయ్యాలె?” అని అడిగాడు. పోటీ వదులుకోవాలి, ఆ కాలుతో ఈ కుక్క ఎప్పటికీ ఎగరకూడదు అన్నాను. ఫారం మడిచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కేసు రిజిస్టర్లో, బిజిలీ కేసుకు ఎదురుగా ఉన్న రిమార్కుల గడిలో, “సలహాలో నేల రకం పేర్కొనలేదు. పొరపాటు నాది” అని రాసి తేదీ వేసి సంతకం చేశాను. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఇలాంటివి రిజిస్టర్లో ఎందుకని అడిగారు. నా తరువాత వచ్చేవాళ్లు చదవడానికని చెప్పాను. అప్పటికే అలసిపోయి ఉన్నాను, అంతకన్నా వాదించలేదు.

గంగాధర్ ఏడు నెలలు మా ఆసుపత్రికి రాలేదు. బర్రెకు జ్వరమొస్తే వేరే చోటికి తోలుకుపోయాడని తెలిసింది. 2023 జూన్ చివర్లో వాన పడ్డాక ఫోన్ చేసి, ఊరి హైస్కూల్ మైదానంలో గడ్డి మొలిచిందని, అక్కడ దొర్లించవచ్చా అని అడిగాడు. నేను వెళ్లి మైదానమంతా నడిచి చూశాను. ఒక మూల గులకరాళ్లు ఉన్నాయి, అటు వద్దన్నాను. తక్కిన చోట మడమ నొక్కితే దిగుతోంది. వారానికి మూడు రోజులు, దొర్లించడమే, పూటకు ఎనిమిదిసార్లు. బిజిలీ పాదం బయటికే తిరిగి ఉంది, పరుగులో కొంచెం ఎడమకు ఒరుగుతుంది. ఆ కుక్క ఏ పోటీకీ పోలేదు.

2024 ఏప్రిల్ 30న విరమించేలోపు ఈ ఆట గురించి అడిగినవాళ్లు ఆరుగురు. వాళ్లెవరికీ కుక్కను మాత్రమే చూసి సలహా రాయలేదు. ముందు ఆడించబోయే చోటికి పోయి, చెప్పులు విడిచి నాలుగడుగులు నడిచి, తరువాత రాశాను. ఇద్దరి స్థలాలు వద్దన్నాను, వాళ్లు నొచ్చుకున్నారు. సలహా కాగితంలో ఏవి ఉండకూడదో రాసి ఊరుకుంటే, రైతు తన దగ్గరున్న మంచిదాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెడతాడు. ఏది ఉండాలో కూడా రాయాలి, రాసినదాన్ని కళ్లతో చూడాలి. దీనికి పట్టే సమయం ఒక్కో కేసుకు గంటన్నర.