పేర్లు చెప్పని పిల్ల

మొన్న నేను పనిచేసే షెడ్డుకు సెలవైతే, మధ్యాహ్నం నడుం వాల్చి, నిద్ర పట్టక టీవీ పెట్టాను. ఏదో పాత యుద్ధం సినిమా. సైనికులు మంచులో వట్టికాళ్ళతో నడిపిస్తున్న ఆ పిల్లను చూడగానే గుర్తుపట్టాను. మైపాడు అవతల మా పల్లె బడిలో, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మాస్టారు ఒక ఆదివారం ఇదే సినిమా చూపించారు. ఆ భాష మాలో ఎవరికీ రాదు. శత్రువులు ఎంత కొట్టినా తోటివాళ్ళ పేర్లు చెప్పకుండా ఆ పిల్ల ప్రాణం వదిలిందని మాస్టారే పక్కన నిలబడి తెలుగులో చెబుతూ పోయారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, అక్కకు పంతొమ్మిది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క మాత్రం ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది.

ఆ మరుసటి ఏడే మా మంచినీళ్ళ బావి పక్కన ఎవరో ఆసామి రొయ్యల గుంటలు తవ్వించి ఉప్పునీళ్ళు పెట్టించాడు. ఎండాకాలానికల్లా బావినీళ్ళు ఉప్పెక్కి, పసిబిడ్డలు నోట్లో పోసుకుని ఉమ్మేస్తుంటే, మగవాళ్ళు సముద్రం మీద వేటకు పోయిన వేళ అక్కా, పిన్నీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ నా కళ్ళముందే పారలు తీసుకుపోయి గుంట కట్ట తెగ్గొట్టారు. పోలీసులకు అక్క ఒక్కతే చిక్కింది. రెండు రోజులు స్టేషన్లో ఉంచినా మిగతావాళ్ళెవరో చెప్పలేదట. మూడోనాడు ఒక పోలీసాయన మా ఇంటికొచ్చి, నా తల నిమిరి, పేర్లు చెబితే సాయంత్రానికి అక్కను పంపిస్తామన్నాడు. అక్క లేని ఇంట్లో అన్నం సయించక పడివున్న నేను మూడు పేర్లూ చెప్పేశాను.

అక్కను పంపిన మాట నిజమే. ఆ ముగ్గురినీ జీపెక్కించిన మాటా నిజమే. పిన్ని నెలరోజులు జైల్లో ఉండి వచ్చింది. సంగతి తెలిసి అక్క, ఏడుస్తున్న నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఏడవబాకమే. నన్ను కొట్టినారు, ఓర్చుకున్నా. నిన్ను నిమిరినారు, నువ్వేం చేస్తావు," అంది.

పిన్ని మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక కూడా ఎదురుపడితే తల తిప్పుకునే పోయేది. తప్పయిందని చెప్పాలని ఎన్నిసార్లో బయలుదేరి సగం దారిలోనే వెనక్కి వచ్చాను. పోయినేడు ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు మా పల్లె నుంచి రోడ్డుదాకా అన్నీ గుంటలే. అక్కా నేనూ షెడ్డులో పక్కపక్కన కూర్చుని ఆ రొయ్యలే ఒలుస్తాం, ఆ రోజుల మాట మాత్రం ఎత్తం. బావి ఎప్పుడో పూడిపోయింది, తాగేనీళ్ళు క్యాన్లలో ఆటో మీద వస్తాయి. ఆ బావినీళ్ళు ఎంత తియ్యగా ఉండేవో మనవరాళ్ళకు చెబుదామనుకుంటాను గానీ, వినే తీరిక వాళ్ళకు లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.