అయ్య పెంచిన తెగులు

బెండమొక్క ఆకు పసుపు తిరిగితే ఊళ్ళో ఎవరైనా దాన్ని పీకి తగలబెట్టేవారు. మా అయ్య ఒక్కడే దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాడు. అది పల్లాకు తెగులు. తెల్లదోమ దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తుంది. చూస్తుండగానే చేనంతా పసుపై, కాయలు పాలిపోయి గిడసబారిపోతాయి. అయ్య మాత్రం నూతి పక్క మడిలో ఆ రోగాన్ని కావాలనే ఉంచేవాడు. చుట్టూ రోగిష్టి మొక్కలున్నా పంట చివరిదాకా పచ్చగా నిలబడ్డ మొక్క ఏదైనా ఉంటే, దాని కాయల్నే విత్తనానికి ఎండబెట్టేవాడు. పక్కచేల వాళ్ళు తిట్టిపోసేవారు. అమ్మ ఇంకా ఎక్కువ తిట్టేది.

"పిల్లల్ని పెంచినోల్ని సూసినాను గానీ రోగాన్ని పెంచినోడివి నువ్వే" అనేది.

అలా ఏళ్ళ తరబడి ఏరగా ఏరగా తెగులు తట్టుకునే బెండ ఒకటి తయారైంది. తిట్టిన నోళ్ళే విత్తనం కోసం మా గుమ్మంలో బారులు తీరాయి. ఆ విత్తనం ఎలమంచిలి దాకా పోయింది. అయ్యది వానాకాలం చదువే అయినా ఊరు ఆయన్ని సైంటిస్టు అనడం మొదలుపెట్టింది, సగం ఎగతాళిగా, సగం గర్వంగా.

డెబ్బైల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీకి మా భూములు పోతాయని నోటీసులొచ్చాయి. ఊరు చెదిరిపోయేలోగా అయ్యకి సన్మానం చేయాలని పెద్దలు అనుకున్నారు. అప్పటికి నాకు పెళ్ళై గాజువాకలో ఉంటున్నాను, మా ఆయన పోర్టులో పని. సన్మానం మాట తెలిసి నేను ఊరెళితే అయ్య నన్ను పెద్ద చేలోకి తీసుకెళ్ళి ఒక ఆకు చూపించాడు. ఈనెలు పసుపు తిరిగి ఉన్నాయి.

"మన ఇత్తనానికి కూడా అంటీసిందమ్మా. దాని సత్తువ అయిపోనాది."

"మరి సన్మానం?"

"దాందేవుంది. నూతి మడిలో కొత్తది లేత్తంది. ఈ పంట ఆకరిదాకా ఏది నిలబడతాదో సూసీనానంటే సాలు. ఇత్తనం సేతిలో ఉంటే భూమి ఎక్కడైనా దొరుకుద్ది."

ఆ భూమిలో ఆయనకి మిగిలింది ఆ ఒక్క పంటే.

సన్మానానికి ముందురోజు నన్ను తీసుకెళ్ళడానికి అయ్య గాజువాక వచ్చి మా ఇంట్లోనే పడుకున్నాడు. మర్నాడు బస్సు దిగి వెళ్ళేసరికి నూతి మడి పెళ్ళివారిల్లులా ఉంది. గట్ల మీద ముగ్గు పోశారు. పసుపు మొక్క ఒక్కటి లేదు. మా తమ్ముడూ వాడి స్నేహితులూ అన్నీ పీకి తగలబెట్టేశారు. సభకి వచ్చే వ్యవసాయ అధికారి మడి చూస్తానన్నాడట.

"పెద్దోలొచ్చి మన మడిలో రోగం సూత్తే నీ పరువేటవుద్ది అయ్యా? సుబ్బరం సేసీసినాం" అన్నాడు తమ్ముడు. మొహం వెలిగిపోతోంది.

"దోమమందు కూడా కొట్టీసినారేట్రా?" అని అడిగాడు అయ్య.

"నిండా కొట్టీసినాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బుర్రుందేట్రా నీకు?" అని గట్టు మీదే అరిచాను. అయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోయే. ఆడు నా మీద పేమతోనే సేసినాడు." గట్టు మీద కూలబడి, దగ్గరున్న ఆకు ఒకటి తిప్పి చూశాడు. "రోగం పోనాక అన్నీ పచ్చగానే ఉంటాయి. రోగాన్ని తట్టుకున్నదేదో, రోగం తగలక మిగిలినదేదో ఇప్పుడెలాగ తెలుస్తాది?"

తమ్ముడికి అప్పుడర్థమైంది. వాడి మొహం చూడలేక నేనే తల తిప్పుకున్నాను.

సాయంత్రం షామియానా కింద అయ్యకి శాలువా కప్పి, మెడలో బెండకాయల దండ వేశారు. నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"ఆ ఇత్తనం ఇంక ఏసుకోకండి. దానికీ రోగం తగిలీసింది. కొత్తది సేద్దారనుకున్నాను. అవలేదు" అన్నాడు.

అధికారి లేచి, ఇంత పనిచేసీ ఇంత అణకువా అని మెచ్చుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ దండ తెంచి పారేయాలనిపించింది నాకు.

భూమి పోయింది. గాజువాక దగ్గర కాలనీలో ఇంటిస్థలం ఇచ్చారు. నూతి మడి విత్తనమంతా కలగలిపి అయ్య ఆ పెరట్లో వేశాడు. చుట్టుపక్కల బెండ చేను లేదు, దోమ లేదు, రోగమూ లేదు. మొక్కలన్నీ నిగనిగలాడుతూ పెరిగాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే ఆయన పొద్దున్నే వంగి ఒక్కో ఆకు అడుగు వెతికేవాడు.

"మీయేపు ఎక్కడైనా పల్లాకు మొక్కుంటే ఓటి తెచ్చిపెట్టమ్మా" అని అడిగాడొకసారి. ఎలమంచిలి పోయి, ఎవరి చేలోనో అడిగి వేళ్ళతో సహా తెచ్చాను. బస్సు దిగేసరికి అది వాడిపోయింది. దోమ ఒక్కటీ మిగల్లేదు. అయినా అయ్య దాన్ని పాతి రోజూ నీళ్ళు పోశాడు.

ఎనభైల్లో ఆయన పోయాక ఆ విత్తనం నా పెరట్లోకి వచ్చింది. ఏటా వేస్తాను. ఇంతవరకు ఒక్క ఆకు పసుపు తిరగలేదు. చుట్టాలు చూసి, మీ అయ్య చేతి మహిమ అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట నిజమో కాదో తెలియకుండానే ఆయన పోయాడు.

తమ్ముడు మాత్రం ఆ మాట అనడు. వచ్చినప్పుడల్లా చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకి పోతాడు. అయ్యలాగే వంగి ఒక్కో ఆకూ తిప్పి చూసి, చేతులు కడుక్కుని లోపలికొస్తాడు.

"ఇంకా రాలేదప్పా" అంటాడు.