పీస్ ఆఫ్ కేక్ అన్న పిల్ల

నా చిన్నప్పుడు బాన్సువాడలో మా వాడ ఆడవాళ్ళు మధ్యాహ్నాలు పక్కింటి అక్క అరుగు మీద చేరి బీడీలు చుట్టేవారు. అక్క ఏడో తరగతి దాకా చదువుకుంది. కానీ ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు కదా, గ్రంథాలయం నుంచి కథల పుస్తకాలు తెచ్చి చదివి వినిపించే పని నాది. అందుకు బదులుగా తలా కొన్ని బీడీలు మా అమ్మ చాటలో వేసేవారు. అలా నాకు చుట్టే పని తప్పింది. అక్క పక్కన చోటు కూడా దక్కింది.

ఒక ఎండాకాలం మా మేనత్త కూతురు నిజామాబాదు నుంచి సెలవులకు వచ్చింది. కాన్వెంటు చదువు. నేను చదువుతుంటే కాసేపు విని, "గీ కథ చదువుడేంది, పీస్ ఆఫ్ కేక్" అంది.

ఆడవాళ్ళు మురిసిపోయారు. "ఇంగ్లీషు ఎట్ల మాట్లాడుతుందో సూడుండ్రి. రేపు నువ్వే సదువు బిడ్డా" అంది అక్క.

నాకు కడుపు మండిపోయింది. ఆ పిల్ల బాగా చదివితే ఇక నా ఒళ్ళోకీ చాట వచ్చినట్టే. గ్రంథాలయానికి పరుగెత్తి పెద్ద నిఘంటువు తిరగేశాను. కేకు ముక్క తిన్నంత సులువైన పని అని అర్థం ఉంది. అప్పటికి నేను కేకు రుచే ఎరగను. అదొక మంట.

మర్నాడు ఆ పిల్ల పుస్తకం తెరవగానే ఆ అర్థం అందరికీ వివరించి, "అంత అల్కగ సదువుతదట, ఇనుండ్రి" అన్నాను. మొదటి వాక్యంలోనే ఆమె ఒత్తుల దగ్గర తడబడింది. కాన్వెంటులో తెలుగు అంతంతమాత్రమేనట.

"గింతేనా పిల్లా నీ కేకు?" అని ఒకామె నవ్వింది. నాకు లోపల పండుగ. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

అక్క చాట కిందికి దించింది. పని మధ్యలో ఆమె చాట దించగా నేనెన్నడూ చూడలేదు. తంబాకు అంటిన వేలు అక్షరాల కింద పెట్టి, "నువ్వే అన్నవ్ గద బిడ్డా, పీస్ ఆఫ్ కేక్ అని. సదువు, నేనున్న" అంది. వేలు మెల్లగా కదిలింది. ఆ పిల్ల దాని వెంట చదువుకుంటూ పోయింది.

ఆ మాటను ఆ పిల్ల గొప్పకు వాడింది, నేను ఎత్తిపొడవడానికి వాడాను. ధైర్యం చెప్పడానికీ వాడతారని నిఘంటువులో లేదు.

సెలవులయ్యాక నా చోటు నాకు వచ్చింది. ఇప్పుడు మా మనవడు లెక్కల దగ్గర ముఖం వేలాడేస్తే చేతిలో పని ఆపి, పక్కన కూర్చుని, "పీస్ ఆఫ్ కేక్ రా" అంటాను. ఈర్ష్య మాత్రం పూర్తిగా పోలేదు. నేను గడగడా చదివేదాన్ని. అందుకే అక్క వేలు నా పుస్తకం మీదికి ఒక్కసారి కూడా రాలేదు.