పేరు రాయని ప్రార్థన విన్నపం

ఏ పాపం ఎరగని మా ఆవిణ్ణి తిరువూరులో మా చర్చి మొత్తానికీ గయ్యాళిని చేసి కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెప్తాను, కావలసినంత నవ్వుకోండి. ఇప్పుడు కుర్చీలో హాయిగా కూర్చుని రాస్తున్నాను కాబట్టి నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి మూడు నెలలుగా నాకు మూలశంక. లెక్కల మాస్టార్ని గనక బళ్లో నిలబడి గడిపేసేవాణ్ణి. ఇంటికొస్తేనే చిక్కు. భోజనం నిలబడి, టీవీ నిలబడి, ఆదివారం ఆరాధన రెండు గంటలూ వెనక గోడ పక్కన నిలబడి. "ఏంటండీ, ఏమైంది?" అని మా సునీత అడిగితే "నడుం పట్టేసింది" అనేవాణ్ణి. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆ జబ్బు పేరు ఆవిడ దగ్గర ఎత్తడానికి నోరు రాలేదు. ఇక డాక్టరుకి చూపించడమా! కానీ రక్తం పడుతుంటే ఇంకేదైనా పెద్ద రోగమేమోనని భయం.

ఆ భయంలో ఓ ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో చీటీ వేశాను. "చెప్పుకోలేని బాధలో ఉన్నాను, ప్రార్థించండి." కింద నా పేరు రాశాను గానీ జబ్బు పేరు రాయలేదు. పాస్టరు గారు దాన్ని నా పేరుతో సహా మైకులో చదివేశారు.

మగవాడికి చెప్పుకోలేని బాధంటే జనానికి ఒకటే అర్థం. భార్య. బుధవారానికల్లా కథ పక్క మండలం గంపలగూడెం దాకా వెళ్లొచ్చింది. వచ్చేటప్పుడు "ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోనివ్వదట" అనే ముక్క కూడా తగిలించుకొచ్చింది. ఆ సాయంత్రమే పాస్టరు గారూ, సంఘ పెద్ద రత్నం గారూ మా కాపురం చక్కబెట్టడానికి ఇంటికొచ్చారు.

"కూర్చోండి మాస్టారూ" అన్నారు రత్నం గారు.

"పర్లేదండి, ఇలాగే బాగుంది."

ఆయన సునీత వైపు తిరిగారు. "చూడమ్మా, సొంతింట్లో కూర్చోడానికే హడలిపోతున్నాడు మనిషి. మరీ అంత పనికిరాదు."

"నేనేం చేశానండీ?" సునీత కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు చూసింది. "మీరైనా చెప్పండి, నేనేం చేశాను?"

ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఆవిడేం చెయ్యలేదండీ! నాకు మూలశంక!" అని అరిచాను. ఎదురింటివాళ్లు టీవీ సౌండు తగ్గించారు.

ముందుగా తేరుకున్నది సునీతే. "ఇంతేనా! మూడు నెలలు నన్ను కాల్చుకు తిన్నారు కదండీ" అంది. మర్నాడే విజయవాడ బస్సెక్కించింది. దారంతా నేను నిలబడే వెళ్లాను. సీటు ఖాళీగా ఉన్నా నా పక్కనే ఆవిడా నిలబడింది.

డాక్టరు పరీక్ష చేసి, లేజరుతో ఆపరేషన్ చేసేద్దామన్నారు. నడుముకి మత్తు ఇంజెక్షను, కాసేపట్లో పని పూర్తి, మర్నాడు ఇంటికి. ఆ తర్వాత కొన్నాళ్లు మంట, గోరువెచ్చని నీళ్ల టబ్బు, పూటపూటా ఆకుకూరలు అన్నీ ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ ఓ ఉదయం కుర్చీలో కూర్చుని టీ తాగాను. ఎదురుగా సునీత. దేవుడికీ, ఆ డాక్టరుకీ, ఈవిడకీ కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో తెలీక ఇంకో టీ అడిగాను.

నెల తర్వాత, దేవుడు నాకు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. జబ్బు పేరు, ఆపరేషన్ సంగతి అంతా మైకులోనే చెప్పేసి, సునీతకి అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను. ఆరాధన అవగానే రత్నం గారు నన్ను పక్కకి లాగారు.

"మాస్టారూ, ఆ డాక్టరు నంబరు ఇస్తారా? నాక్కాదు, మా బావమరిదికి."

ఆయన వెనకాల ఇంకో ఆరుగురు. అందరూ అడిగేది బావమరిదికేనట.

కాబట్టి అందరూ వినేలా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఎక్కడ ఏమొచ్చినా ముందు సునీతకి, తర్వాత డాక్టరుకి చెప్తాను. చీటీ ఆ తర్వాతే, అదీ జబ్బు పేరుతో సహా. ఈ ఒక్క ప్రమాణం మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి చేస్తున్నాను, కూర్చోలేక కాదు.