మరిది గేములు, నా పాటలు

నా పెళ్ళయిన మూడో ఏడు. వినుకొండలో మా ఇంటికంతా ఒకటే కంప్యూటర్. చర్చి కోసం నెలల తరబడి నేను టైపు చేసిన పాటలన్నిటినీ మా మరిది సుధీర్ తన గేములకు చోటు చాలక తుడిచేశాడు. అడిగితే, "పాటలేగా వదినా, మళ్ళీ కొట్టుకో" అని నవ్వాడు.

నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మర్నాడు అతను ఇంట్లో లేనప్పుడు, విండోస్‌ను ముట్టుకోకుండా దాని పక్కనే ఇంకో హార్డ్ డిస్కు పెట్టి, అందులో విండోస్ లాంటిదే మరో వ్యవస్థ, లినక్స్, ఎక్కించాను. ఆన్ చేయగానే నేరుగా లినక్సే వచ్చేలా పెట్టి, ఏది కావాలో అడిగే మెనూ కనబడకుండా చేశాను.

సాయంత్రం సుధీర్ మొహం పాలిపోయింది. "వదినా, విండోస్ పోయింది. నా గేములన్నీ పోయాయి."

నేను మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తలేదు. "గేములేగా. పాటల పుస్తకం బల్ల మీదుంది. అవన్నీ కొట్టిపెట్టు, తర్వాత చూస్తాను."

పది రోజులు కూర్చుని కొట్టాడు. అయినా నేను ఇంకో వారం ఆగి, అప్పుడు మెనూ చూపించాను. అతని గేములు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పోయిన పాటలు దేవుడు తిరిగి ఇచ్చాడని ఆ క్రిస్మస్‌కు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. ఆ ఆఖరి వారం సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, కానీ పశ్చాత్తాపపడి కాదు.