భాష్యంగారి పాఠాలు మళ్ళీ టైపవుతున్నాయి

రంజనికి పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళమ్మ అంజలై రాయపురంలో చేపలమ్ముతుంది. ఇంట్లో పొద్దున లేచింది మొదలు తెలుగే, కానీ ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరం చదవడం రాదు. వీధి బడిలో అందరూ చదివింది తమిళం. మద్రాసు తెలుగువాళ్ళలో ఇది వింతేమీ కాదు. రంజని మాత్రం పట్టుబట్టి బ్రెయిలీలో తెలుగు నేర్చుకుంది. కంప్యూటరు చేత చదివించుకుంటూ డిగ్రీ దాటింది. నగరంలోనే ఒక పాత కాలేజీలో ఎమ్మే తెలుగులో చేరింది.

అక్కడ పద్యం పాఠం భాష్యంగారిది. ఆయన చదువుతుంటే వినాల్సిందే, ఆ మాట రంజని ఇప్పటికీ కాదనదు. నోట్సు కూడా ఆయనే టైపు చేసుకుంటారు, వయసులో ఉండగా నేర్చుకున్న ఒక పాత ఫాంటులో. చిక్కంతా ఆ ఫాంటులో ఉంది. తెర మీద తెలుగు అక్షరమే కనబడుతుంది, దాని వెనక ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. చూసేవాళ్ళకు తేడా తెలియదు. చూపులేనివాళ్ళకు తెర మీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రాం మాత్రం వెనకున్నదాన్నే చదువుతుంది. రంజని చెవికి పద్యాలన్నీ ‘డాలర్, బ్రాకెట్, ఎస్, స్టార్’ అని వినబడేవి.

వెళ్ళి అడిగింది. “సార్, ఈ ఫైలు నా కంప్యూటరు చదవడం లేదు. వేరే ఫాంటులో ఇస్తారా?”

“మీ యంత్రానికి తెలుగు రాదమ్మా, నేనేం చేసేది?” అని ఆయన నవ్వారు. “ఇంట్లో తెలుగే మాట్లాడతారు గదా. ఎవరి చేతైనా చదివించుకో.”

ఆ పేపరు పోయింది. మళ్ళీ రాస్తే మళ్ళీ పోయింది. రంజని చదువు మానేసింది.

తర్వాత షోళింగనల్లూరులో ఒక కంపెనీ ఆమెను తీసుకుంది. వెబ్‌సైట్లు చూపులేనివాళ్ళకు పనికొస్తాయా లేదా అని పరీక్షించే పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చెడిన ఫైళ్ళను విప్పి చూస్తూ తనే నేర్చుకుంది. పాత ఫాంటులో ఉన్న తెలుగును కొత్త పద్ధతిలోకి మార్చే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకుంది. దానికి పరీక్ష ఫైలుగా మొదట వాడింది భాష్యంగారి నోట్సే.

కాలేజీల్లో అధ్యాపకులకూ ఆఫీసు సిబ్బందికీ శిక్షణ ఇవ్వడం కూడా ఇప్పుడామె పనే. మొన్న ఆ పాత కాలేజీ నుంచే పిలుపొచ్చింది.

“ఆడికి పోయి మెత్తగా మాట్లాడి రాబాకు” అంది అంజలై.

భాష్యంగారు ఆమెను గుర్తుపట్టలేదు. “తెలుగు శుభ్రంగా మాట్లాడతారే, ఏ ఊరమ్మా?” అని అడిగారు.

“రాయపురం సార్.”

శీర్షికలు ఎలా పెట్టాలో, బొమ్మలకు వివరణ ఎలా రాయాలో చెప్పాక, రంజని భాష్యంగారి ఫైలే తెరిచి చదివించింది. హాలంతా డాలర్లూ స్టార్లూ మోగాయి.

“సార్ ఈ రాగం మాకెప్పుడూ పాడలేదే” అంది చరిత్ర చెప్పే వరదలక్ష్మి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“మీ యంత్రానికి తెలుగు రాదు” అన్నారు భాష్యంగారు. అదే మాట, అదే గొంతు.

రంజని ఇంకో ఫైలు తెరిచింది. తెలుగు వార్త ఒకటి తడుముకోకుండా వినబడింది. “వచ్చు సార్” అంది.

ఒక సబ్జెక్టు నోట్సంతా చదివించుకునేలా చేసి ఇస్తేనే శిక్షణ పూర్తయినట్టని, అది లేనివాళ్ళకు వచ్చే ఏడాది క్లాసులుండవని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. భాష్యంగారు అడిగారు. “అయితే ఏం చేయాలమ్మా?”

“మళ్ళీ టైపు చేయాలి సార్.”

“అంతానా?”

“అంతా.”

మార్చే ప్రోగ్రాం ఆమె వేళ్ళ కిందున్న ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

బయటికొస్తుంటే ఒకమ్మాయి చెయ్యి పట్టుకుంది. అలివేలు, ఎమ్మే మొదటి ఏడు, ఆమెకూ చూపు లేదు. “అక్కా, సార్ టైపు చేసి ముగించేలోపల నా పరీక్ష అయిపోతుంది.”

రైల్లో దారంతా రంజనికి ఆ మాటే. తను దాచుకున్న దారి అలివేలుకు పేపరు పోగొట్టబోతోంది. ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా నోట్సు మొత్తం ప్రోగ్రాంలో వేసింది. ప్రోగ్రాం కొన్ని ఒత్తుల్ని పక్క అక్షరానికి అంటించేస్తుంది. అందుకని వరస వరస వింటూ సెలవురోజుల్లో కూర్చుని సరిచేసి అలివేలుకు పంపింది.

“సార్‌తో చెప్పబాకు” అంది ఫోన్లో.

“ఎందుకక్కా?”

“సార్ నేర్చుకుంటా ఉండారు.”

భాష్యంగారు కొత్త కీబోర్డు నేర్చుకుని, ఒక్కో పాఠం టైపు చేసి పంపడం మొదలుపెట్టారు. ఆరో పాఠం పంపిన సాయంత్రం ఫోన్ చేశారు.

“వేళ్ళు వంగడం లేదమ్మా. వేరే దారేమీ లేదా?”

“ఇంట్లో తెలుగే మాట్లాడతారు గదా సార్. ఎవరి చేతైనా టైపు చేయించుకోండి.”

“మా పిల్లలకు రాయడం చదవడం రాదమ్మా. స్కూల్లో తమిళం తీసుకున్నారు. మాట్లాడతారంతే.”

“మా ఇంట్లోనూ అంతే సార్. ఆ రోజూ అంతే.”



“ఆ రంజనివా నువ్వు” అన్నారు భాష్యంగారు.

“అవును సార్. ఏడో పాఠం ఎప్పుడు పంపిస్తారు?”

“ఆదివారం” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

వంటింట్లో చేపలు తోముతున్న అంజలై అంతా వింది. “దారి చెప్పినావా వానికి?”

“లేదు.”

“సరి” అని మళ్ళీ తోముకుంది.

రంజని ఆరో పాఠం పెట్టుకుని విన్నది. ఒక్క ఒత్తు తప్పలేదు. శీర్షికలు ఉండాల్సిన చోట ఉన్నాయి. తన ప్రోగ్రాం ఇచ్చినదానికంటే శుభ్రమైన పని, ఒప్పుకోక తప్పదు. చివర్లో తాటాకు ప్రతి ఫోటో ఒకటుంది. వివరణ దగ్గర ఆయన ‘బొమ్మ’ అని మాత్రం రాశారు.

తాటాకు మీద ఏం రాసుందో మొత్తం టైపు చేయమని రాసి, పాఠం వెనక్కి పంపించింది.